నిషేధాల నగరంలో నల్ల సైకిల్

ఆసన్‌సోల్‌లో తయారైన పాత రాలీలను కోల్‌కతా మిస్త్రీలు మళ్లీ రోడ్డెక్కిస్తున్నారు. ఏ రోడ్డు ఎక్కాలన్నదే సమస్య

ఉదయం పది దాటితే మధ్య కోల్‌కతాలోని బెంటింక్ స్ట్రీట్‌లో ఫుట్‌పాత్ కనిపించదు. ఒకప్పుడు చైనీయుల చెప్పుల దుకాణాలకు పేరుపడ్డ ఈ వీధిలో సైకిల్ దుకాణాలు కూడా బారులు తీరి ఉంటాయి. కప్పు నుంచి రిమ్ములు దండల్లా వేలాడుతుంటాయి. కాగితం చుట్టిన మడ్‌గార్డులు గుమ్మాలకు ఆనించి ఉంటాయి. గట్టు మీద కూర్చున్న కుర్రాళ్లు కొత్త సైకిళ్లను విడిభాగాల నుంచి బిగిస్తూ ఉంటారు. ఇక్కడికి కూతవేటు దూరంలోనే లాల్‌బజార్. అంటే నగర పోలీసుల ప్రధాన కార్యాలయం. కోల్‌కతా ప్రధాన రహదారుల మీదికి సైకిళ్లు రాకూడదన్న ఉత్తర్వులు ఆ పోలీసు శాఖవే. సైకిల్ అమ్మే వీధీ, దాన్ని ఆపే కార్యాలయమూ ఇలా ఇరుగుపొరుగున కాపురం చేస్తున్నాయి.

ఒక జూన్ ఉదయం ఈ వీధికి ఒక నల్ల సైకిల్ నడిచి వచ్చింది. నడిచి అనడమే సరి. రెండు టైర్లలోనూ గాలి లేదు. వెనక చక్రం తిరిగినప్పుడల్లా మడ్‌గార్డును రాసుకుంటోంది. చైన్ కేసు మీద తుప్పు పొరలు లేచాయి. హ్యాండిల్ కింద కొంగ బొమ్మ ఉన్న బిళ్ల మాత్రం వేలితో రుద్దితే మెరిసింది. రాలీ గుర్తు అది. తోసుకొచ్చిన వ్యక్తికి యాభై దాటాయి. బాగ్‌బజార్‌లో ఉంటారు. కాలేజ్ స్ట్రీట్‌లోని ఒక పుస్తక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతారు. సైకిల్ ఆయన తండ్రిది. ఆసన్‌సోల్ రైల్వేలో గుమాస్తాగా పనిచేస్తూ 1960ల్లో ఆయన దీన్ని కొన్నారు. తండ్రి పోయాక ఇరవై ఏళ్లు అది మెట్ల కింద ఉండిపోయింది. ఇంటికీ ఆఫీసుకూ మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు. బస్సులో నిలబడటం మోకాళ్లకు కష్టంగా ఉంది. రోజూ తొక్కగలిగేలా చేసి ఇమ్మన్నది ఆయన కోరిక. అలంకారానికి మాత్రం వద్దన్నారు.

ఈ రెండు మాటల మధ్య తేడా మిస్త్రీలకు బాగా తెలుసు. పాత సైకిల్‌ను ముస్తాబు చేసి హోటల్ గుమ్మంలోనో, కాఫీ షాపు గోడకో తగిలించే వేడుక ఇప్పుడు పెద్ద నగరాలన్నిటిలోనూ ఉంది. దానికి రంగూ మెరుగూ చాలు. రోజూ తొక్కే సైకిల్‌కు కావలసింది ఆగడం, తిరగడం, విరగకుండా ఉండటం.

ఆసన్‌సోల్ నుంచి లూథియానాకు

మెట్ల కింది సైకిల్ వెనక ఒక పెద్ద కథే ఉంది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 1880ల చివర్లో మొదలైన రాలీ కంపెనీ వలస దేశాలన్నిటికీ సైకిళ్లు పంపేది. స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతులకు కళ్లెం పడటంతో బ్రిటిష్ కంపెనీలు ఇక్కడే భాగస్వాములను వెతుక్కున్నాయి. మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో మురుగప్ప కుటుంబంతో కలిసి టీఐ సైకిల్స్ వచ్చింది. బెంగాల్‌లో సుధీర్ కుమార్ సేన్ రాలీతో చేతులు కలిపారు. 1950ల ఆరంభానికి ఆసన్‌సోల్ శివారు కన్యాపూర్‌లో సేన్-రాలీ కర్మాగారం నిలబడింది. బొగ్గు, ఉక్కు పక్కనే ఉన్న ఊరు అది. సైకిల్‌కు అంతకంటే అనువైన చోటు మరొకటి ఉండదని అప్పట్లో అనుకున్నారు.

ఆ తర్వాతి పాతికేళ్లు దేశమంతటా రాలీ ఒక హోదా. తెలుగు పల్లెల్లో పెళ్లి మాటల్లో చేతి గడియారం, రేడియోతోపాటు సైకిల్ ప్రస్తావన వచ్చిన కాలమది. ఏ సైకిలని వియ్యంకుడు ఆరా తీస్తే రాలీ అన్న జవాబుకు విలువ ఉండేది. అయితే హోదా కర్మాగారాన్ని కాపాడలేదు. పంజాబ్‌లోని లూథియానాలో చిన్న చిన్న షెడ్లలో విడిభాగాలు తయారై చవగ్గా సైకిళ్లు రావడం మొదలైంది. 1956లో అక్కడ పుట్టిన హీరో సైకిల్స్ 1986 నాటికి ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్లు తయారుచేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఇటు సేన్-రాలీ నష్టాల్లో కూరుకుపోయింది. 1980లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయం చేసింది. సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాగా పేరు మారినా రాత మారలేదు. ఈ శతాబ్దం తొలి ఏళ్లలో కర్మాగారం మూతపడింది. విచిత్రమేమంటే దాదాపు అదే సమయంలో, 2002లో, నాటింగ్‌హామ్‌లోనూ రాలీ సైకిళ్ల తయారీ ఆగిపోయింది. ఎన్నో ఏళ్లు పోటీ ఇచ్చిన అట్లాస్ సైతం 2020 జూన్ 3న సాహిబాబాద్‌లోని తన చివరి కర్మాగారాన్ని మూసేసింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

కాబట్టి ఇప్పుడు పాత రాలీకి దిక్కు కంపెనీ కాదు, మిస్త్రీ.

విప్పితే తెలిసేది

బెంటింక్ స్ట్రీట్ వెనక సందులోని మిస్త్రీ ముందు రంగు చూడలేదు. సైకిల్‌ను తలకిందులు చేసి, హ్యాండిల్ తల నుంచి వెనక ఇరుసు దాకా ఒక దారం లాగి, మళ్లీ రెండో వైపు నుంచి తెచ్చి కట్టారు. నడిమి గొట్టం నుంచి దారానికి రెండు వైపులా ఎడం సమానంగా ఉంటే ఫ్రేము వంగలేదన్నమాట. ఎప్పుడో జరిగిన గుద్దుకు వంకరపోయిన ఫ్రేము మీద పైసా ఖర్చు పెట్టినా వృథా. అందుకే ఈ పరీక్షే మొదటిది. దారం సరిగానే నిలిచింది. గొట్టాలు అతికిన కీళ్ల దగ్గర తుప్పు లోతెంతో స్క్రూడ్రైవర్ మొనతో తట్టి చూశారు. పైపొర రాలింది తప్ప ఉక్కు చెక్కుచెదరలేదు. అరవై ఏళ్ల నాటి ఈ ఫ్రేముల బరువు గురించి ఎవరెన్ని మాటలన్నా ఆ బరువే వాటిని బతికించిందని మిస్త్రీలు చెబుతారు.

అసలు కుస్తీ పెడల్ ఇరుసు దగ్గర మొదలైంది. పాత సైకిళ్లలో పెడల్ క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది కాటర్ అనే ఏటవాలు పిన్ను. ఏళ్ల తరబడి తుప్పుపట్టి అది ఇనుములో ఇనుమైపోతుంది. సుత్తితో బాదితే పిన్ను తల చితికిపోతుంది, దెబ్బ లోపలి బాల్స్ తిరిగే గాడికి తగులుతుంది. కిరోసిన్ కలిపిన నూనె పోసి ఒక రాత్రి నాననిచ్చి, మర్నాడు బిగింపు పెట్టి నొక్కితే పిన్ను టక్కున జారింది. ఆ శబ్దం విన్నాకే మిస్త్రీ టీ చెప్పారు.

ఇక్కడే రాలీ తనదైన మెలిక ఒకటి పెట్టింది. పెడల్ ఇరుసును పట్టే కప్పులకు మిగతా ఇంగ్లిషు కంపెనీలు అంగుళానికి 24 మరలు పెడితే రాలీ మాత్రం 26 మరలు పెట్టుకుంది. తన సైకిల్‌కు తన సామానే కొనాలన్న వ్యాపార తెలివి అది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. కొత్త కప్పు తెచ్చి బలవంతంగా తిప్పితే ఫ్రేములోని మరలు నాశనమవుతాయి. ఇక ఆ ఫ్రేము పాత సామాన్ల బుట్టలోకే. ఇప్పుడు దొరికే సీలు వేసిన బేరింగ్ పెట్టించాలని యజమానికి మొదట ఉబలాటంగా ఉండేది. మరలు కొలిచి చూశాక ఆ ఆలోచన మానుకున్నారు. పాత కప్పుల్లో గాడి నున్నగానే ఉంది. పక్కకు పదకొండు చొప్పున పావు అంగుళం బాల్స్, నిండా కొత్త గ్రీజు, రెండు కొత్త కాటర్లు. ఆ భాగం పని అయిపోయింది. ఖర్చులో అతి తక్కువ అయింది ఇక్కడే.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి

పాత సైకిళ్ల పిచ్చి ఉన్న అమెరికా వాసులకు పెద్ద తలనొప్పి టైర్లు. ఈ నిలువెత్తు సైకిళ్లకు వేసే 28 అంగుళాల ఒకటిన్నర టైరు అక్కడ దొరకడం గగనం. మన దగ్గర తీరు వేరు. పాలవాడి సైకిల్‌కూ, గ్యాస్ బండ మోసే సైకిల్‌కూ ఇంకా అదే కొలత. బెంటింక్ స్ట్రీట్‌లోనే కాదు, ఏ మండల కేంద్రంలో అడిగినా దొరుకుతుంది. అక్కడి మ్యూజియం వస్తువు ఇక్కడి నిత్యావసరం. వెనక చక్రానికి కొత్త టైరు, ట్యూబు వేసి, పుల్లలు బిగించి బెండు తీస్తే సరిపోయింది.

ముందు చక్రం అలా తేలలేదు. ఈ సైకిళ్లకు ఉండేవి రాడ్ బ్రేకులు. హ్యాండిల్ కింది పిడి నొక్కితే ఇనుప కడ్డీలు రబ్బరు దిమ్మలను రిమ్ము లోపలి అంచుకు పైకి లాగుతాయి. ఎండలో పర్వాలేదు. వానలో మాత్రం తడిసిన స్టీలు రిమ్ము మీద రబ్బరు జారుతుంది. నాలుగు చక్రం తిప్పుల్లో ఆగాల్సింది పదిహేను తిప్పులు పోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నానే కోల్‌కతాలో, పక్కనే మినీ బస్సు దూసుకుపోతుంటే, అది ప్రాణాలతో చెలగాటం. అల్యూమినియం రిమ్ము మీద అదే రబ్బరు తడిలోనూ చాలా మెరుగ్గా పట్టు ఇస్తుంది.

మరి రెండు చక్రాలకూ అల్యూమినియం రిమ్ములు వేయొచ్చు కదా? పుల్లల లెక్క అడ్డొచ్చింది. ఈ సైకిళ్లకు ముందు 32, వెనక 40 పుల్లలు. బరువంతా మోసేది వెనక చక్రం కనుక బ్రిటిష్ వాళ్లు పెట్టిన లెక్క ఇది. ఇప్పటి సైకిళ్లకు వచ్చే అల్యూమినియం రిమ్ముల్లో 32 రంధ్రాలవి కోకొల్లలు. నలభై రంధ్రాలవి వెతికినా దొరకవు. అందుకని మధ్యే మార్గం ఎంచుకున్నారు. ముందు హబ్బు పాతదే ఉంచి దాని చుట్టూ కొత్త రిమ్ము అల్లించారు. కొత్త రిమ్ము అడ్డుకొలత పాతదానికంటే 13 మిల్లీమీటర్లు తక్కువ. అంటే అంచు ఆరున్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. కంటికి ఆనదు గానీ బ్రేకు చేతికి అందదు. అందుకే పొడవు చేతుల క్యాలిపర్ బ్రేకు కావాలి. ఫోర్కు తలకు మడ్‌గార్డు బోల్టు కోసం పెట్టిన రంధ్రం ముందే ఉండటంతో దాన్ని బిగించడానికి ఎక్కడా కొత్తగా డ్రిల్లింగ్ చేయాల్సిన పని పడలేదు. సైకిల్ ఆగేటప్పుడు బరువు ముందుకు తూగుతుంది కనుక ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనక రాడ్ బ్రేకును కొత్త దిమ్మలతో అలాగే వదిలేశారు.

తీసేసిన ముందు చక్రం, కడ్డీలు, పిడి అన్నిటినీ నూనె గుడ్డలో చుట్టి యజమాని ఇంటికి పట్టుకెళ్లారు. ఎప్పుడైనా మళ్లీ బిగించొచ్చు. మరమ్మతులో మంచిచెడ్డలకు మిస్త్రీల కొలబద్ద ఇదే. వెనక్కి తిప్పుకోలేని మార్పు చేయకూడదు. కోయడం, వెల్డింగ్ పెట్టడం, రంధ్రం వేయడం చివరి గత్యంతరాలు.

ఇంకొక మార్పు మోకాళ్ల కోసం. ముందు 44 పళ్ల చక్రం, వెనక 18 పళ్ల ఫ్రీవీల్ ఉన్న ఈ సైకిల్ పెడల్ ఒక చుట్టు తిరిగితే సుమారు 5.4 మీటర్లు పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలినప్పుడల్లా కాలి మీద బరువు పడుతుంది. 20 పళ్ల ఫ్రీవీల్ వేస్తే 4.9 మీటర్లు. వేగం కాస్త తగ్గినా కదలిక తేలికైంది. మూడు గేర్ల హబ్బు వేయొచ్చని ఎవరో సలహా ఇచ్చారు. కొండా గుట్టా లేని ఊరికి గేర్లెందుకని మిస్త్రీ కొట్టిపారేశారు. డైనమో స్థానంలో ఎల్‌ఈడీ లైటు వచ్చింది. వెనక ఎర్ర రిఫ్లెక్టర్, గట్టి తాళం చేరాయి.

రంగు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. మిస్త్రీ కొడుకు మొత్తం గీకేసి కొత్త నలుపు కొట్టిద్దామన్నాడు. యజమాని ఒప్పుకోలేదు. పై గొట్టం మీద ఒకచోట రంగు అరిగి ఇనుము కనిపిస్తోంది. చిన్నప్పుడు ఆయన కూర్చున్నది అక్కడే. తండ్రి టవలు మడిచి వేసి స్కూలుకు తీసుకెళ్లేవారట. చివరికి తుప్పు గీకి, ఆ మేరకు మాత్రం వార్నిష్ పూశారు. మిగతాది గుడ్డతో తుడిచి మైనం పట్టించారు.

కోటి సైకిళ్లూ ఒక నిషేధమూ

సైకిల్ సిద్ధమయ్యాక అసలు ప్రశ్న ఎదురైంది. దాన్ని ఎక్కడ తొక్కాలి?

బెంగాలీలకు సైకిల్ కొత్త కాదు. సుగంధ తైలాల వ్యాపారి హేమేంద్ర మోహన్ బోస్ 1903లోనే హారిసన్ రోడ్డులో సైకిళ్ల దుకాణం తెరిచారు. ఇప్పటి మహాత్మా గాంధీ రోడ్డు అదే. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి ఉద్దండులకు సైకిల్ నేర్పిన ఘనత ఆయనకే దక్కుతుంది. 1926లో కలకత్తా నుంచి సైకిల్ మీద బయల్దేరిన బిమల్ ముఖర్జీ 1937లో ప్రపంచం చుట్టి వచ్చారు. ఇప్పటికీ ఈ రాష్ట్రమే ముందుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగం ఇళ్లలో సైకిల్ ఉంటే పశ్చిమ బెంగాల్‌లో దాదాపు 79 శాతం ఇళ్లలో ఉంది. రాష్ట్రాలన్నిటిలోనూ ఇదే ఎక్కువ. 2015లో మొదలైన సబుజ్ సాథీ పథకం కింద తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వం కోటికి పైగా సైకిళ్లు పంచింది. ఆసన్‌సోల్‌లో మూతపడ్డ కర్మాగారం గుర్తొచ్చే సందర్భం ఇది. కోటి సైకిళ్ల గిరాకీ ఇంటి ముందుకే వచ్చింది. వాటిని సరఫరా చేసినవి మాత్రం ప్రధానంగా పంజాబ్, తమిళనాడు కంపెనీలు.

రాజధానిలో మాత్రం లెక్క తిరగబడింది. 2008లో నగర పోలీసులు 38 రోడ్లపై సైకిళ్లను నిషేధించారు. 2013లో ఆ జాబితా 174 రోడ్లకు పెరిగింది. రిక్షాలు, తోపుడు బళ్లు కూడా అందులో ఉన్నాయి. నిరసనలు పెల్లుబికాక 62కు తగ్గించారు. కొవిడ్ లాక్‌డౌన్ తర్వాత 2020 జూన్‌లో బస్సులు సరిగా నడవని రోజుల్లో తాత్కాలికంగా సడలింపు ఇచ్చారు. నిషేధానికి పోలీసులు చెప్పే కారణాలు రెండు. నగర విస్తీర్ణంలో రోడ్ల వాటా చాలా తక్కువ కనుక నెమ్మదిగా పోయే వాహనాలు రాకపోకలను స్తంభింపజేస్తాయన్నది ఒకటి. బస్సుల మధ్య సైకిల్ ప్రమాదకరమన్నది రెండోది. రెండో మాటలో నిజం లేకపోలేదు. అయితే ప్రమాదానికి మందు ప్రత్యేక దారి వేయడమా, గెంటేయడమా అన్నది ఉద్యమకారుల ప్రశ్న. అదే మహానగర శివారులోని న్యూటౌన్‌లో ప్రత్యేక సైకిల్ దారులు వేశారు. అక్కడ రోడ్లు కొత్తవి, వెడల్పైనవి. తొక్కక తప్పని జనం ఎక్కువగా ఉండేది మాత్రం పాత నగరంలో.

నిషేధం దెబ్బ ఎవరికి తగులుతుందో తెల్లవారుజామున చూస్తే తెలుస్తుంది. పత్రికల కట్టలు, పాల క్యాన్లు, చేపల బుట్టలు, సైకిల్ మీదే కదులుతాయి. జరిమానా పడితే ఆ రోజు సంపాదనలో కోత పడుతుంది. బాగ్‌బజార్ ప్రూఫ్‌రీడర్‌కు కావాలంటే బస్సు ఉంది. పాలవాడికి ఆ అవకాశం లేదు.

సందుల దారి

పాత నగరం కనుక కోల్‌కతాకు ఒక వరముంది. అవి సందులు. పెద్ద రోడ్డు ఎక్కకుండా ఉత్తరం నుంచి మధ్య కోల్‌కతా దాకా గల్లీల్లోనే రావొచ్చు. ప్రూఫ్‌రీడర్ రెండు ఆదివారాలు కాలినడకన తిరిగి తన దారి గీసుకున్నారు. నాలుగు కిలోమీటర్ల దూరం ఐదున్నర అయింది. మలుపులు ఎక్కువ. అరుగుల మీద చదరంగం ఆడేవాళ్లు, కుళాయి దగ్గర బిందెలు, నిద్రపోయే కుక్కలు అన్నిటినీ తప్పించుకోవాలి. ట్రాములు ఆగిపోయిన వీధుల్లోనూ కొన్నిచోట్ల పట్టాలు మిగిలే ఉన్నాయి. వాటిని ఏటవాలుగా దాటితే చక్రం గాడిలో ఇరుక్కుని మనిషి పడతాడు. నిటారుగా దాటాలి. ఈ పాఠం మిస్త్రీ బండి అప్పగించేటప్పుడే చెప్పి పంపారు. కొత్త కాటర్లు వందో కిలోమీటరు దాకా సర్దుకుంటూనే ఉంటాయి కనుక రెండు వారాలకు ఒకసారి తెచ్చి బిగించుకోమని కూడా అన్నారు.

జూలై మొదటి వారంలో వాన పట్టుకుంది. రెయిన్‌కోటు వేసుకుని, క్యారియర్‌కు ప్రూఫుల కట్టను ప్లాస్టిక్ సంచిలో చుట్టి కట్టుకుని ఆయన బయల్దేరారు. సందు చివర ఒక పిల్లవాడు అడ్డంగా పరిగెత్తాడు. ముందు బ్రేకు పట్టింది. సైకిల్ ఆగింది. పిల్లవాడు వెనక్కి కూడా చూడకుండా అవతలి గుమ్మంలోకి దూరిపోయాడు.

ఇంకో రెండు మలుపులు తిరిగితే సందు పెద్ద రోడ్డులో కలుస్తుంది. అక్కడ ఎర్ర వలయంలో సైకిల్ బొమ్మ ఉన్న బోర్డు నిలబడి ఉంది. దాని కింద గొడుగు పట్టుకుని ట్రాఫిక్ కానిస్టేబుల్. ప్రూఫ్‌రీడర్ దిగారు. తొక్కితే అది సైకిల్, నడిపించుకుంటూ పోతే ఆయన పాదచారి. సిగ్నల్ పడేదాకా ఆగి, అరవై ఏళ్ల నాటి సైకిల్‌ను తోసుకుంటూ జీబ్రా చారల మీద రోడ్డు దాటారు. కానిస్టేబుల్ ఒకసారి కొంగ బొమ్మ వైపు చూసి, రాలీయేనా అని అడిగాడు. ఆసన్‌సోల్‌ది అని చెప్పి ఆయన అవతలి సందులోకి మళ్లీ ఎక్కి తొక్కారు.